ఇరుంగాట్టుకోట్టైలో రేసు కార్ల పనికి వస్తున్నారా?

చెన్నైలో రేసింగ్ టీమ్‌లో మెకానిక్‌గా చేరుతున్నానని మనవాళ్లెవరైనా ఫోన్ చేస్తే నేను ముందు జీతం సంగతి అడగను, ఉండేదెక్కడని అడుగుతాను. ఆంధ్రా బస్సు మాధవరంలో దింపింది కదా అని అక్కడే రూము తీసుకోకండి. రేస్ ట్రాక్ ఊరికి దాదాపు 40 కిలోమీటర్ల అవతల, బెంగళూరు హైవే మీద ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మీ టీమ్ గ్యారేజీ ఎక్కడో కనుక్కుని, పూందమల్లిలోనో శ్రీపెరంబుదూరులోనో చూసుకోండి. అక్కడే హ్యుందాయ్ ఫ్యాక్టరీ కూడా ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల షేరింగ్ రూములకు కొదవ లేదు. తెలుగు కూడా వినిపిస్తుంది.

తమిళం మాత్రం తొందరగా పట్టుకోండి. చేరిన మొదటి వారంలో నేను టైరుకు గాలి పెడుతుంటే సీనియర్ అన్న "పోదుం, పోదుం" అన్నాడు. పోదాం అంటున్నాడనుకుని, గొట్టం అక్కడే పడేసి ఆయన ముందే టీకి బయల్దేరాను. ఆయనన్నది "చాలు" అని! వాల్వ్‌కు క్యాప్ లేదు, ప్రెషర్ రాసుకోలేదు. ఆ తిట్లు అర్థం కావడానికి తమిళం అక్కర్లేకపోయింది.

ఆ గాలి లెక్కే ఇక్కడ పెద్ద పని. నాలుగు ల్యాప్‌లు తిరిగేసరికి టైరు వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. అందుకే ఎంత పెరుగుతుందో లెక్కేసి చల్లగా ఉన్నప్పుడే తగ్గించి పెడతాం. టైరును ఎండలో వదిలేసి కొలిస్తే ఆ అంకెను నమ్మలేం. మీరు ఎండలో నిలబడ్డా ఫర్వాలేదు, టైర్లు నీడలో ఉండాలి.

ఇక చక్రాల నట్లు. సరిపడా బిగిశాక చప్పుడు చేసే టార్క్ రెంచి "టక్" అన్నాక నట్టు మీద పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీస్తాం. గీత ఉందంటే బిగించామని అర్థం. ముందే గీసి తర్వాత బిగిద్దామని ఎప్పుడూ అనుకోకండి. మధ్యలో ఎవరైనా పిలిస్తే తిరిగొచ్చి మొదటి నట్టు నుంచి మళ్లీ చూడండి. అనుమానం ఉంటే కారు కదలకముందే నోరు విప్పండి. తిట్టినా తిడతారు గానీ, ట్రాక్ మీద చక్రం ఊడితే ఆ టెన్షన్ మీరు పడలేరు.

పెట్రోలు దగ్గర పని కాబట్టి నైలాన్ టీషర్టులు ఇంట్లోనే ఉంచి కాటన్ వేసుకోండి. పిట్ లేన్‌లో, అంటే ట్రాక్ నుంచి గ్యారేజీల ముందుకు వచ్చే దారిలో, కార్లు వచ్చే వైపు వీపు పెట్టకండి.

ఈ ట్రాక్ 1990లో వచ్చింది. అంతకుముందు రేసులు షోళవరంలో, విమానాల పాత రన్‌వే మీద జరిగేవి. టీ దగ్గర పెద్దవాళ్లు ఆ కథలు మొదలెడితే లేచిపోకండి. పని కూడా వాటిలోనే దొరుకుతుంది.

రేసులు శని ఆదివారాల్లోనే. ఊళ్లో పెళ్లికి మాటిచ్చే ముందు క్యాలెండర్ చూసుకోండి, చూసినా పూర్తిగా నమ్మకండి. 2023 డిసెంబరులో చెన్నై వీధుల్లో జరగాల్సిన నైట్ రేసు తుఫాను వల్ల వాయిదా పడి, చివరికి 2024 ఆగస్టు ఆఖర్లో జరిగింది.

సోమవారం సెలవిస్తే లేవగానే బట్టలు నానబెట్టండి. ఆ గ్రీజు ఒక్క ఉతుకుకు పోదు.