కెమెరా ఎంచుకోవడం – 4వ పాఠం: బాడీ కంటే ముందు లెన్సుల లెక్క

గత పాఠం చివర మీకు ఒక పని అప్పగించాను. ఇంతవరకు తీసిన ఫొటోల్లో మీకు బాగా నచ్చిన వంద ఏరి, అవి ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ దృశ్యాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే మి.మీ. సంఖ్య) దగ్గర తీసినవో కాగితం మీద రాసుకోమన్నాను. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది కనుక దాన్ని దగ్గర పెట్టుకోండి.

కొట్లో ముందుగా మన చేతికి వచ్చేది బాడీయే, అంటే లెన్స్ తగిలించని కెమెరా. మెగాపిక్సెళ్లు, వీడియో, ఫోకస్ వేగం అంటూ మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. అయితే నాలుగైదేళ్లకు బాడీ పాతబడుతుంది, లెన్స్ అంత త్వరగా పాతబడదు. 1987లో మొదలైన కెనాన్ ఈఎఫ్ మౌంట్ (లెన్సును బాడీకి బిగించే భాగం) లెన్సులు, 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్ బాడీల మీద కూడా అడాప్టర్‌తో ఈనాటికీ పనిచేస్తున్నాయి. తరువాత మనసు మారి మరో సిస్టమ్‌కు వెళ్లాలంటే ఉన్న లెన్సులన్నీ నష్టానికి అమ్ముకోవలసి వస్తుంది. కాబట్టి మనం నిజానికి ఎంచుకుంటున్నది లెన్సుల వరుసను. బాడీ దాని వెంట వచ్చేదే.

లెన్స్ ధరకూ పరిమాణానికీ మూలం ఒక చిన్న భాగహారంలో ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో (ఎఫ్/1.8 అంటే 1.8తో) భాగిస్తే, వెలుతురు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం తెలుస్తుంది. 50 మి.మీ. ఎఫ్/1.8కు అది సుమారు 28 మి.మీ., ఎఫ్/1.2కు సుమారు 42 మి.మీ. వ్యాసం ఒకటిన్నర రెట్లే అయినా వైశాల్యం రెండుంబావు రెట్లు అవుతుంది. వెలుతురు రెట్టింపు కావడాన్ని ఒక స్టాప్ అంటారు, అంటే ఇది ఒక స్టాప్ కంటే కొంచెం ఎక్కువ వెలుతురు. ఈ స్టాప్ చిల్లర కోసం చెల్లించేది ఎంతో కెనాన్ ఆర్‌ఎఫ్ వరుసలోనే చూడవచ్చు. ఎఫ్/1.8 లెన్స్ 160 గ్రాములు, పొడవు 40 మి.మీ., ముందు బిగించే ఫిల్టర్ వ్యాసం 43 మి.మీ., అమెరికాలో విడుదల నాటి ధర 199 డాలర్లు. ఎఫ్/1.2 లెన్స్ 950 గ్రాములు, పొడవు 108 మి.మీ., ఫిల్టర్ 77 మి.మీ., ధర 2,299 డాలర్లు. బరువు దాదాపు ఆరు రెట్లు, ధర పదకొండు రెట్లకు పైమాటే. మన దగ్గర రూపాయల అంకెలు వేరుగా ఉండవచ్చు గాని రెండింటి మధ్య ఎడం మాత్రం ఇలాగే కొండంత ఉంటుంది.

అలాగని ఎఫ్ సంఖ్య ఒక్కటే ధరను నిర్ణయిస్తుందనుకుంటే పొరబాటు. నికాన్ జడ్ వరుసలోని 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ లెన్స్‌కూ ద్వారం అదే 28 మి.మీ. అయినా దాని బరువు 415 గ్రాములు, విడుదల ధర దాదాపు 600 డాలర్లు. కెనాన్ చిన్న లెన్సులో 6 గాజు పలకలుంటే ఇందులో 12 ఉన్నాయి. ఆ అదనపు గాజంతా ఫొటో మూలల్లో కూడా స్పష్టత తగ్గకుండా చూడటానికే. దానికి తోడు తేమ, దుమ్ము చొరబడకుండా సీలింగ్ కూడా ఉంది. ఇంట్లో పిల్లల ఫొటోలు తీసుకునేవారికి, మూలల్లో ఉండేది ఎటూ మసకబారిన గోడే కదా, ఇంత ఖర్చు అక్కరలేదని నా అభిప్రాయం. గుడి గోపురాలూ శిల్పాలూ తీసేవారి లెక్క వేరు.

ఇక పరిమాణం విషయానికి వద్దాం. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. చిన్న సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే పలక) అయితే లెన్సులు కూడా చిన్నవి అన్న మాట సగమే నిజం. పానాసోనిక్ వారి మైక్రో ఫోర్ థర్డ్స్ (ఒక చిన్న సెన్సర్ రకం) 35-100 ఎఫ్/2.8 జూమ్ లెన్స్ సుమారు 360 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్ రకంలో) 70-200 ఎంత మేర చూపుతుందో అదీ అంతే చూపుతుంది. పక్కన సోనీ 70-200 ఎఫ్/2.8 మొదటి రకాన్ని పెడితే అది 1,480 గ్రాములు తూగుతుంది. ఇదేదో మాయలా కనిపిస్తుంది కదా? భాగహారం చేయండి: 200ను 2.8తో భాగిస్తే 71 మి.మీ., 100ను భాగిస్తే 36 మి.మీ. ద్వారమే సగం. ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా వస్తుందన్నది) రెండింటికీ ఒకటే వస్తుంది గాని, వెనుక దృశ్యం మసకబారడంలో ఆ చిన్న లెన్స్ ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/5.6తో సమానం. సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురు కూడా సుమారు నాలుగో వంతే కనుక, మసక వెలుతురులో నాయిస్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) త్వరగా తేలుతుంది. కాబట్టి దాన్ని సరిపోల్చవలసింది ఎఫ్/2.8తో కాదు, కనీసం కెనాన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/4 వంటి దానితో. అది 695 గ్రాములు. ఇప్పుడు తేడా నాలుగు రెట్ల నుంచి రెండు రెట్లకు దిగింది.

అయినా బరువును తేలికగా తీసుకోకండి. ముహూర్తం తెల్లవారుజామున అయితే పెళ్లి ఫొటోగ్రాఫర్ రాత్రంతా నిలబడవలసిందే. జీలకర్ర బెల్లం నాటికి బాగానే ఉన్న మణికట్టు తలంబ్రాల వేళకు వణకడం మొదలుపెడుతుంది. సోనీ 2021లో ఇందాకటి 70-200 ఎఫ్/2.8 లెన్సునే 1,045 గ్రాములకు తగ్గించి తెచ్చినప్పుడు ధర తగ్గలేదు, పెరిగింది. తేలికదనం కూడా డబ్బు పెట్టి కొనుక్కునేదే.

నిర్మాణ నాణ్యతను చేతులతో చూడాలి. లెన్స్ వెనుక మూత తీసి మౌంట్ చుట్టూ గమనించండి. సన్నని రబ్బరు వలయం కనిపిస్తే కనీసం మౌంట్ దగ్గర సీలింగ్ ఉన్నట్టు. అయితే బాడీకీ సీలింగ్ లేకపోతే ఆ వలయం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. మౌంట్ లోహమా ప్లాస్టికా చూడండి. చిన్న లెన్సుకు ప్లాస్టిక్ చాలు, బరువైన లెన్సుకు చాలదు. జూమ్ లెన్సును తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఊపండి, గొట్టం తనంతట తాను జారుతున్నదేమో తెలుస్తుంది. పాతది కొంటున్నట్లయితే ఫోన్ టార్చి వెలుతురును వెనుక నుంచి వేసి ముందు వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే, ఎంత చవకైనా వదిలేయండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల వారు ఈ పరీక్షను అసలు మానకూడదు. ఒక వానాకాలమంతా తోలు సంచిలోనే మూసి ఉంచి నేను ఒక మంచి లెన్సును ఇలాగే పోగొట్టుకున్నాను. తప్పు లెన్సుది కాదు, సంచిలో సిలికా జెల్ కూడా వేయని నాది.

చివరగా, ఇతర కంపెనీల లెన్సులు ఆ మౌంట్‌కు దొరుకుతాయో లేదో చూడండి. సోనీ ఇ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ లెన్సులు విరివిగా ఉన్నాయి. కెనాన్ ఆర్‌ఎఫ్‌కు ఆ రెండు కంపెనీలూ ఆటోఫోకస్ లెన్సులు ప్రకటించింది 2024లో, అవీ ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన) సెన్సర్ వరకే. తక్కువ ఖర్చులో ముగించాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక ఈ వారం పని. మీ కాగితం మీద ఎక్కువసార్లు వచ్చిన ఫోకల్ లెంగ్త్‌లను బట్టి మీకు తప్పనిసరైన లెన్సులు మూడింటిని నిర్ణయించుకోండి. రెండు సిస్టమ్‌లు తీసుకుని, ఒక్కొక్క దానిలో ఆ మూడింటి ధర, బరువు, సీలింగ్ ఉందా లేదా, ద్వారం వ్యాసం రాసి, ధరలనూ బరువులనూ కూడండి. బాడీ ధరను మాత్రం వేరే కాగితం మీద రాసి మడిచి పెట్టండి. దాన్ని 5వ పాఠంలో విప్పుదాం. కూడిన బరువు ఎంతైతే అంత బియ్యం సంచిలో పోసి, భుజానికి తగిలించుకుని ఒక గంట నడిచి రండి.