ఆన్‌లైన్ సేవను వివరించేటప్పుడు ముందు డబ్బు సంగతి చెప్పండి

ఆన్‌లైన్ సేవల వివరణ పత్రాలు రాయడం నా పని. ఎవరైనా కొత్తగా రాయబోతుంటే నేను ముందు అడిగేది ఇదే: ఈ సేవకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? వాడేవారి చందాల నుంచా, ప్రకటనల నుంచా, ప్రతి లావాదేవీ మీద కమీషన్ నుంచా? జవాబు మొదటి పేరాలోనే ఉండాలి. ‘ఉచితం’ అని రాసి ఊరుకుంటే సగం సంగతి దాచినట్టే. ఉచిత గడువు ముగిశాక చందా దానంతటదే మొదలవుతుందా, రద్దు ఎక్కడ చేసుకోవాలి అన్నవి కూడా అక్కడే చెప్పండి.

సాంకేతిక వివరాల్లో నేను పట్టుబట్టేది లభ్యత దగ్గర, అంటే సేవ ఆగకుండా పనిచేసే సమయం ఎంత శాతమన్న దగ్గర. 99.9 శాతం అనగానే సేవ ఎప్పుడూ ఆగదనిపిస్తుంది. లెక్క కట్టి పక్కనే రాయండి: 30 రోజుల నెలలో 43 నిమిషాలు, ఏడాదిలో సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగినా సంస్థ మాట తప్పినట్టు కాదు. 99.99 శాతమైతే నెలకు 4 నిమిషాల పైచిలుకు. లెక్క నెలకా, ఏడాదికా? ముందే ప్రకటించిన మరమ్మతు సమయాన్ని మినహాయిస్తారా? హామీ తప్పితే ఏమిస్తారు? ఇవి తెలియకుండా శాతం రాయకండి. చాలా ఒప్పందాల్లో పరిహారమంటే నగదు కాదు, తర్వాతి బిల్లులో తగ్గింపు. నష్టపోయిన రోజున ఆ తేడా తెలిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

వేగం చెప్పేటప్పుడు బిట్లు, బైట్లు కలిపేయకండి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, సెకనుకు 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే.

భద్రత గురించి ‘సమాచారం ఎన్‌క్రిప్ట్ అవుతుంది’ (తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మారుతుంది) అన్న వాక్యం ఏమీ చెప్పదు. ప్రయాణంలోనా, సర్వర్‌లో నిల్వ ఉన్నప్పుడా, పంపినవారి నుంచి అందుకున్నవారి దాకానా? మొదటి రెండింటిలో తాళంచెవి సాధారణంగా సంస్థ చేతిలోనే ఉంటుంది, తలచుకుంటే చదవగలదు. మూడో పద్ధతిలో సంస్థకు చదవడం సాధ్యం కాదు. ప్రయాణంలో సమాచారాన్ని కాపాడే టీఎల్ఎస్ పద్ధతి ఏ వెర్షనో కూడా రాయండి; 1.0, 1.1 వెర్షన్లు పనికిరావని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2021లోనే తేల్చింది.

చాలామంది వదిలేసేది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటికి వచ్చే దారి. ఖాతా మూసేశాక సమాచారం ఎన్నాళ్లకు చెరిగిపోతుంది? బ్యాకప్‌లలో ఎంతకాలం మిగులుతుంది? తమ సమాచారాన్ని ఏ రూపంలో దించుకోవచ్చు? సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) అని సంస్థ చెప్పినంత మాత్రాన రాసేయకండి. పరీక్ష ఖాతా ఒకటి తెరిచి, ఫైలు దించుకుని, వేరే ప్రోగ్రాములో తెరవండి. తేదీలు, తెలుగు అక్షరాలు చెదరకుండా కనిపిస్తేనే ఆ వాక్యం రాయండి.