కాలనీ పార్కుకు మున్సిపల్ బడ్జెట్‌లో డబ్బు పెట్టించడం ఎలా?

మా పార్కులో ఓపెన్ జిమ్ పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టారు, అందరం ఫొటోలు దిగాం. రెండు వేసవులు గడిచేసరికి సైకిల్ పెడల్ ఊడింది, గడ్డి అంతా ఎండిపోయింది. బోరుంది, మోటారుంది, నీళ్లు పెట్టే మనిషే లేడు. సామాను కొనడానికి ఒక్కసారి డబ్బు వస్తే చాలు, మనిషికి మాత్రం ఏటా రావాలి. అందుకే కౌన్సిల్‌ను అడిగేటప్పుడు ముందు మనిషి, తర్వాత పార్కింగ్, ఆఖరున జిమ్ములూ ఫౌంటెన్లూ అనే వరుస పెట్టుకోండి. తెలంగాణ మున్సిపాలిటీలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వేరైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

1. స్థలం ఎవరి పేరు మీద ఉందో చూడండి

లేఔట్‌లో పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అది జరగకపోతే ఖర్చు పెట్టడానికి అధికారులు వెనకాడతారు. ఆడిట్‌లో ఇరుక్కుంటామని వాళ్ల టెన్షన్. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడిగి డీడ్ కాపీ, లేఔట్ ప్లాన్ తెచ్చుకోండి.

2. దసరా, దీపావళి మధ్యే కదలండి

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెట్ ముసాయిదా అంతకు కొన్ని నెలల ముందే తయారవుతుంది. మార్చిలో వెళ్తే టీ ఇచ్చి, వచ్చే ఏడాది చూద్దామంటారు.

3. ఎంతమంది కావాలో గంటల్లో లెక్క కట్టండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. 'ఒక వాచ్‌మన్‌ను ఇవ్వండి' అని రాస్తారు. రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే ఒక మనిషికి వారానికి 48 గంటలు. 24 గంటల కాపలా అంటే వారానికి 168 గంటలు, అంటే మూడున్నర మంది. అంత అక్కర్లేదు, పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8 తెరిస్తే చాలు అనుకున్నా వారానికి 56 గంటలవుతాయి. ఒక్కడి వల్ల కాదు, వారపు సెలవు రోజుకు మరో మనిషి ఉండాలి. తోటమాలి పని దీనికి అదనం. గేటు కాసేవాడే గడ్డి కోస్తాడని కాగితం మీద రాసుకోవచ్చు గానీ జరగదు.

ఇక జీతం. ఔట్‌సోర్సింగ్ మనిషికి ఉదాహరణకు నెలకు 15,000 అనుకుందాం. దానిపై యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటా 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కలిపితే నెలకు సుమారు 17,290 అవుతుంది. ఏడాదికి రెండు లక్షల పైమాటే. ఏజెన్సీ కమీషన్ వేరు. ఈ లెక్క మీ అర్జీలోనే ఉంటే అకౌంట్స్ సెక్షన్ వాళ్లు మీ మాట వింటారు.

4. పార్కింగ్ కోసం పార్కును కోయనివ్వకండి

ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, ఉదయం 6కు, సాయంత్రం 6కు బండ్లు లెక్కపెట్టి రాసుకోండి. కారు నిలపడానికి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. వచ్చిపోయే దారితో కలిపితే ఒక్కోదానికి సుమారు 23 చదరపు మీటర్లు పడుతుంది. పది కార్లంటే దాదాపు 275 గజాలు, కాలనీలో ఒక మంచి ప్లాటంత! నడవడానికి కార్లలో వచ్చేది మనమే కదా. రోడ్డు వెడల్పుగా ఉంటే పక్కన గీతలు గీయించి, గేటు దగ్గర బైకులకూ సైకిళ్లకూ చోటు అడగండి. వీల్‌చైర్ వెళ్లే ర్యాంపు ముందు మాత్రం ఏ బండీ ఆగకూడదని రాయండి.

5. పనులకు ఎస్టిమేట్ వేయించండి

వాకింగ్ ట్రాక్, లైట్లు, ఆట పరికరాలు ఏం కావాలన్నా మున్సిపాలిటీ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ను) తీసుకొచ్చి చూపించి ఎస్టిమేట్ వేయించండి. అందులోనే ఏడాది నిర్వహణ ఖర్చు విడిగా చూపించమనండి. చెట్లూ పచ్చదనం విషయానికొస్తే, తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత పద్దుకు కేటాయించాలి. ముందు ఆ పద్దులో మీ పార్కు వాటా ఎంతో అడగండి.

6. అర్జీని తీర్మానం దాకా తీసుకెళ్లండి

అదే చట్టం కింద ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో అవి పనిచేస్తుంటే అర్జీ మీద వాళ్ల సంతకాలూ తీసుకోండి. తర్వాత కౌన్సిలర్‌ను కలిసి ఎజెండాలో పెట్టించండి. పాలకవర్గం గడువు ముగిసిపోయి ఉంటే స్పెషల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. అర్జీ అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డ్ నంబర్ లేకుండా మెట్లు దిగొద్దు. కౌన్సిల్ ఆమోదించాక తీర్మానం నంబర్ రాసుకోండి.

ఏప్రిల్ తర్వాత రెండు నెలలు ఆగి, 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ పార్కుకు కేటాయించిందెంత, ఖర్చయిందెంత అని అడగండి, సిబ్బంది హాజరు పట్టీ కాపీ కోరండి. జవాబుకు గడువు 30 రోజులు. పట్టీలో ఇద్దరి సంతకాలుండి పార్కులో ఒక్కరే కనిపిస్తుంటే, ఆ కాపీ జతచేసి ఏజెన్సీ బిల్లు ఆపమని కమిషనర్‌కు రాయండి.