ఏఆర్-15కి నిలువు ఫోర్‌గ్రిప్: ముందు చెయ్యి చోటు చూసుకోండి, తర్వాత స్క్రూ బిగించండి

ఏఆర్-15 రైఫిల్ కొన్న కొత్తలో చాలామంది దానికి నిలువు ఫోర్‌గ్రిప్ (ముందు చేత్తో పట్టుకోవడానికి బ్యారెల్ కింద బిగించే పిడి) ఒకటి తగిలిస్తారు, అదీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఎక్కువగా మ్యాగజైన్ (తూటాల పెట్టె) పక్కనే. గ్రిప్ మంచిదే కానీ చోటు కుదరదు. చెయ్యి ఒకచోటికి వెళ్లాలనుకుంటుంది, గ్రిప్ ఇంకోచోట ఉంటుంది, కాల్చిన ప్రతిసారీ రెండింటికీ పేచీ. గ్రిప్ ఎక్కడ ఉండాలో మీ ఒళ్లే చెప్పాలి, రెయిల్ (గ్రిప్ లాంటివి బిగించే పట్టీ) మీదున్న ఖాళీ కాదు.

కొనేముందు చట్టం సంగతి. ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్లకి. 16 అంగుళాలు, అంతకు మించిన బ్యారెల్, భుజానికి ఆనే స్టాక్ ఉన్న రైఫిల్‌కి నిలువు గ్రిప్ పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. ఏఆర్ పిస్టల్ (భుజానికి ఆనే స్టాక్ లేకుండా పొట్టి బ్యారెల్‌తో వచ్చే రకం) అయితే కథ వేరు, మొత్తం పొడవు 26 అంగుళాల లోపుంటే దానికి నిలువు గ్రిప్ తగిలించగానే ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) దాన్ని వేరే వర్గంలో వేస్తుంది, ముందే రిజిస్టర్ చేయించకపోతే అది నేరం. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో రైఫిల్‌కి కూడా ఈ గ్రిప్ ఇబ్బందే. హెచ్-1బీలో ఉన్న మనవాళ్లకి అసలు తుపాకీ ఉండటమే మామూలుగా నిషేధం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి, కాబట్టి స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకునే ముందు కూడా తెలుసుకోండి.

ఇక పని. మ్యాగజైన్ తీసెయ్యండి, బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గూడు) కళ్లతో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి, తూటాలు వేరే గదిలో పెట్టండి. హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ ఉండే తొడుగు) మీద ఏమీ లేకుండా, సురక్షితమైన దిక్కుకి తిరిగి, మీరు మామూలుగా కాల్చే భంగిమలో నిలబడండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమచెయ్యి ఆలోచించకుండా ఎక్కడికి వెళ్లిందో చూడండి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీలిక ఎక్కడ ఆనిందో అక్కడ పక్కనున్నవాళ్లని చిన్న టేప్ ముక్క అతికించమనండి. నాలుగైదుసార్లు చెయ్యండి. మోకాలి మీద కూర్చుని ఒకసారి, చలికోటు వేసుకుని ఒకసారి చూడండి, ఎందుకంటే కోటు మందం వల్ల స్టాక్ ముందుకి జరిగి చెయ్యి మార్కు వెనక్కి వస్తుంది. టేపులన్నీ దాదాపు ఒకచోట పోగుపడతాయి, అదే మీ చోటు. స్టాక్ పొడవు సరిచేసుకోకుండా ఇది చేస్తే మాత్రం శ్రమంతా వృథా, ముందు స్టాక్ చూసుకోండి.

ఈ చోటు ముందుకి జరిగేకొద్దీ మూతి (తూటా బయటికొచ్చే బ్యారెల్ కొన) ఎగరడం తగ్గుతుంది, ఒక టార్గెట్ నుంచి ఇంకోదానికి తిప్పి ఆపడం తేలికవుతుంది. కానీ భుజం త్వరగా నొప్పెడుతుంది. మోచెయ్యి పూర్తిగా చాచుకుపోయి బిగుసుకుంటే మరీ ముందుకి వెళ్లారని అర్థం, కాస్త వంపు మిగలాలి. మరీ వెనక్కి వస్తే చేతికి విశ్రాంతే, మూతి మాత్రం ఊగుతుంది. పొట్టి హ్యాండ్‌గార్డ్ ఉన్నవాళ్లు చెయ్యి చాలడం లేదని అంచుకి పెట్టేస్తారు, అక్కడ ఏ వేలూ ఎప్పుడూ మూతి దాటి ముందుకి జారే వీలు లేకుండా చూసుకోండి.

గ్రిప్ వాలు సంగతి చాలామంది పట్టించుకోరు, నాకైతే సగం సుఖం అందులోనే ఉందనిపిస్తుంది. ఒక మందపాటి మార్కర్ పిడికిట్లో పట్టుకుని, బొటనవేలు పైకి ఉండేలా చెయ్యి భుజం ఎత్తులో నేరుగా చాపండి, మణికట్టు వంచకండి. మార్కర్ నిట్టనిలువుగా ఉండదు, పై కొన ముందుకి, కింది కొన మీవైపుకి వాలి ఉంటుంది. ఇప్పుడు మోచెయ్యి కిందికి దించి చెయ్యి దగ్గరకి తెచ్చుకోండి, మార్కర్ నిలువుకి వస్తుంది. అంటే చెయ్యి బాగా చాచి పట్టుకునేవాళ్లకి నిట్టనిలువు గ్రిప్ ఇస్తే మణికట్టు బొటనవేలి వైపు వంగి ఉండాల్సి వస్తుంది, రేంజ్ నుంచి వచ్చాక అక్కడే నొప్పి. వాళ్లకి కింది భాగం తమవైపుకి కాస్త వాలిన గ్రిప్ నయం. మోచెయ్యి కిందికి దించి దగ్గరగా పట్టేవాళ్లకి నిలువుదే సరి. ఎలా చూసినా హ్యాండ్‌గార్డ్‌ని అడుగు నుంచి పట్టుకోవడం కంటే ముంజేతికి ఇది హాయి, అలా పట్టినప్పుడు అరచెయ్యి పైకి తిరిగి ముంజెయ్యి మెలి పడుతుంది.

నా సలహా పొట్టి గ్రిప్. పిడికిలితో గట్టిగా పట్టుకోవద్దు, చెయ్యి ఆనించడానికే వాడండి. కింది మూడు వేళ్లు గ్రిప్ మీద, చూపుడువేలు హ్యాండ్‌గార్డ్ పక్కన బ్యారెల్ వెంబడి, బొటనవేలు రెండోవైపు, ఆ మూడు వేళ్లతో గ్రిప్‌ని భుజంవైపుకి మెల్లగా లాగి ఉంచాలి. పొడుగు గ్రిప్‌ని అడుగున పట్టుకుని గుంజితే అది మీటలా పనిచేసి రైఫిల్ పక్కకి ఒరుగుతుంది, సన్నటి హ్యాండ్‌గార్డ్ అయితే కాస్త వంగుతుంది కూడా, దానిమీద ముందు సైటో లేజరో ఉంటే గురి తప్పుతుంది. పైగా బోర్లా పడుకుని కాల్చేటప్పుడు నేలకి, బెంచి మీద ఇసుక సంచికి తగులుతుంది. పొడుగుది వద్దనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

బిగించేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. పికటిన్నీ రెయిల్‌లో (పళ్లు పళ్లుగా ఉండే పట్టీ) గాడులు సుమారు 10 మిల్లీమీటర్లకి ఒకటి, కాబట్టి టేప్ ఉన్నచోటే పెట్టుకోవచ్చు. ఎమ్-లాక్‌లో (హ్యాండ్‌గార్డ్‌కే పొడుగాటి రంధ్రాలు, అంటే స్లాట్లు, ఉండే పద్ధతి) స్లాట్‌కి స్లాట్‌కి 40 మిల్లీమీటర్లు, మీ మార్కు రెండింటి మధ్య పడితే వెనకదే ఎంచుకోండి, అలసిన చెయ్యి ఎలాగూ వెనక్కే వస్తుంది. చేతిని ఆనించి వాడేవాళ్లయితే గ్రిప్ వెనక ముఖం టేప్ దగ్గరకి రావాలి. ఎమ్-లాక్ నట్‌లు లోపల అడ్డంగా తిరిగి స్లాట్ అంచుల్ని పట్టుకున్నాయో లేదో టార్చి వేసి చూడండి, సగం తిరిగి ఆగిపోతే బయటికి బిగుతుగానే అనిపిస్తుంది, నాలుగు మ్యాగజైన్లకి ఊడొస్తుంది. ఎంత బిగించాలో గ్రిప్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, ఆ అంకె దాటకండి, ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డ్ అయితే మరీ జాగ్రత్త. స్క్రూ తల మీద పెయింట్ పెన్‌తో గీత గీస్తే వదులైందీ లేనిదీ చూడగానే తెలుస్తుంది.

రేంజ్‌లో ఐదేసి తూటాలు కాస్త వేగంగా కాల్చి చూడండి. రెడ్ డాట్ సైట్‌లో కనిపించే ఎర్ర చుక్క ప్రతిసారీ నిట్టనిలువుగా లేచి తిరిగి అదే చోటికి దిగితే కుదిరినట్టు. పక్కకి ఏటవాలుగా వెళ్తుంటే ముందు పట్టు సడలించండి, అయినా తగ్గకపోతే ఒక స్లాట్ జరపండి. లైట్ స్విచ్, స్లింగ్ కొక్కెం ఇవన్నీ ఇది తేలాకే బిగించాలి, స్విచ్ మీ బొటనవేలు ఉన్నచోటునుంచి కదలకుండా అందేలా.