సంక్రాంతికి ఊరెళ్లే ముందు: పాత టర్బో కారు రిచ్‌గా నడుస్తుంటే

బెంగళూరులో పాత టర్బో పెట్రోల్ కారు పెట్టుకుని, పండక్కి దాంట్లోనే ఊరెళ్లాలనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది. సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన, యాక్సిలరేటర్ తొక్కితే నల్లపొగ, బాగా పడిపోయిన మైలేజీ. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఇంజిన్ రిచ్‌గా నడుస్తున్నట్టే, అంటే లోపలికి వచ్చే గాలికి మించి పెట్రోలు పడుతోంది. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా దాన్ని ఎలాగో నెట్టుకురావచ్చు. పలమనేరు దాటి మొగిలి ఘాట్ మీదుగా పిల్లలతో వెళ్లే ప్రయాణానికి మాత్రం అలాగే తీయకండి.

స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) కంటే ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి వాసన చూడండి. కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. సిటీలో చిన్న చిన్న దూరాలు తిరిగే కారులో అది ఆవిరైపోయేంత వేడి పుట్టదు. అందుకే ఆయిల్ లెవెల్ తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. "మా కారు ఆయిల్ అస్సలు తాగదు" అని సంతోషపడేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. హైవే ఎక్కాక ఆ పెట్రోలు ఆవిరైపోయి లెవెల్ ఒక్కసారిగా దిగుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో షాఫ్టును కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్లో పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే, కారణం పట్టుకుని బాగుచేయించాక ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్పించి బయల్దేరండి.

ఇంకో మాట. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఇంజిన్ ఆన్ చేసి పరీక్షలు పెట్టొద్దు. రిచ్‌గా నడిచే ఇంజిన్ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది. బండిని బయటికి తెచ్చాకే పని మొదలుపెట్టండి.

ఇక కారణం. రిచ్ అనగానే ఇంజెక్టర్లు మార్చేయమనే మెకానిక్ దగ్గర కాస్త ఆగండి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న టర్బో కారులో ముందు అనుమానించాల్సింది గాలి వెళ్లే హోస్‌లను. సెన్సర్ గాలిని కొలిచేసింది, కంప్యూటర్ ఆ లెక్కకే పెట్రోలు పోసింది. కానీ టర్బోకీ థ్రోటిల్‌కీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) మధ్య హోస్ చిరిగినా, క్లాంప్ వదులైనా, బూస్ట్ (టర్బో గాలిని ఒత్తిడితో నెట్టడం) వచ్చినప్పుడు కొలిచిన గాలిలో కొంత బయటికి పోతుంది. పెట్రోలు మాత్రం మొత్తం పడుతుంది. పికప్ తగ్గడం, తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) జాయింట్ల దగ్గర ఆయిల్ మరక దీని గుర్తులు. స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి లీక్ పట్టుకోవడం) చేయించమని అడగండి. ఐడిల్‌లో బాగుండి, బూస్ట్‌లోనే పొగ వస్తుంటే లోపం దాదాపు ఇక్కడే ఉంటుంది.

తర్వాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సర్. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన కారుకు పొద్దున్నే స్టార్ట్ చేయకముందు స్కానర్ పెట్టండి. కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి ఇంచుమించు ఒకటే ఉండాలి. బయట 18 డిగ్రీలుంటే కూలెంట్ మైనస్‌లో చూపిస్తోందా? సెన్సర్ అబద్ధం చెబుతోంది, కంప్యూటర్ చలికి తగ్గట్టు అదనంగా పెట్రోలు పోస్తోంది. అరగంట నడిపినా కూలెంట్ 60 దాటకపోతే థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపుచేసే వాల్వ్) తెరుచుకునే ఉండిపోయిందేమో చూపించండి.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) కూడా చదవండి. అది మైనస్ 10 శాతం కంటే కిందికి పోతే కంప్యూటర్ పెట్రోలు తగ్గించడానికి పోరాడుతోందని అర్థం. ఐడిల్‌లోనే అలా ఉంటే కారే ఇంజెక్టర్, పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది), ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్ చూడాలి. రెగ్యులేటర్‌కు వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ గొట్టం, ఇంజిన్ చల్లారాక తీసి చూస్తే లోపల పెట్రోలు తడి ఉండకూడదు. అదే ట్రిమ్ ప్లస్‌లో ఉండి ప్లగ్‌లు నల్లగా ఉంటే ఆక్సిజన్ సెన్సర్‌నో, దానికి ముందు ఎగ్జాస్ట్ లీక్‌నో అనుమానించండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లే రిచ్ అవుతోందనే మాట చాలాచోట్ల వింటున్నాను. అది సరికాదు. కిలో మామూలు పెట్రోలు కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఈ20 మిక్చర్‌ను లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) వైపే తోస్తుంది. ఇక ఫుల్ బూస్ట్‌లో టర్బో ఇంజిన్ కొంత రిచ్‌గా నడవడం సహజం, వేడి తగ్గించడానికే అలా ట్యూన్ చేస్తారు. కాబట్టి ఫుల్ బూస్ట్ రీడింగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తున్నప్పటివీ చూడండి.

జేసీ రోడ్డులో పార్టులు దొరుకుతాయి కదా అని ఊహ మీద మూడు నాలుగు కొనేయొద్దు. ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను గుడ్డతో తుడవొద్దు, దానికోసం అమ్మే స్ప్రే ఒక్కటే వాడండి.

బాగుచేయించాక, ప్రయాణానికి కనీసం వారం ముందు హోస్కోట దాకా ఒకసారి వెళ్లి రండి. దారిలో చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటే వెంటనే పక్కకు ఆపండి. మిస్‌ఫైర్ (సిలిండర్లో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం) వల్ల కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతూ ఉండొచ్చు. ఆ వేడికి అంటుకోవచ్చు కాబట్టి ఎండుగడ్డి మీద మాత్రం ఆపొద్దు. అలాంటి లైటు వెలిగిన కారును టో చేయించండి, పండక్కి బస్సులో వెళ్లండి.