రుబీడియం గీతకు లేజర్‌ను కట్టేయడం: 4వ పాఠం

పోయిన పాఠంలో రుబీడియం ఆవిరి ఉన్న గాజు గొట్టంలోకి రెండు కిరణాలను ఎదురెదురుగా పంపాం. దాదాపు 500 మెగాహెర్ట్జ్ వెడల్పున్న డాప్లర్ లోయలో (పరమాణువుల పరుగు వల్ల వెడల్పైన శోషణ గుంతలో) సన్నటి శిఖరాలు లేచాయి. గీత అంటే రుబీడియం కాంతిని మింగే కచ్చితమైన ఫ్రీక్వెన్సీ. ఈసారి ఒక శిఖరం కొన మీద లేజర్ ఫ్రీక్వెన్సీని నిలబెడదాం.

780 నానోమీటర్ల ఉత్త లేజర్ డయోడ్ ఒక్క డిగ్రీ వేడెక్కితే ఫ్రీక్వెన్సీ సుమారు 30 గిగాహెర్ట్జ్ జారుతుంది. గీత సహజ వెడల్పేమో 6 మెగాహెర్ట్జ్. గ్రేటింగ్ (సన్నటి గాట్లతో ఒక్క రంగునే డయోడ్‌కు తిప్పి పంపే పలక) పెట్టాక జారుడు తగ్గుతుంది గానీ పోదు. నెల్లూరు మే ఎండల్లో ఏసీ కాసేపు ఆగితే చాలు, శిఖరం చేజారుతుంది.

చిక్కేమిటంటే, లేజర్ కుడికి జారినా, ఎడమకు జారినా ఫోటోడయోడ్ (గొట్టం దాటిన కాంతిని కొలిచేది) సిగ్నల్ తగ్గుతుంది. ఎటు సరిచేయాలో తెలియదు. మా కావలిలో తాత రేడియోలో విజయవాడ స్టేషన్ పట్టేటప్పుడు ముల్లును కాస్త అటూ ఇటూ జరిపి, రెండు పక్కలా గరగర సమానమైన చోట ఆపేవాడు. మనమూ అదే చేస్తాం, కాకపోతే సెకనుకు 20,000 సార్లు.

డయోడ్ కరెంటుకు 20 కిలోహెర్ట్జ్ అల కలపండి. ఫ్రీక్వెన్సీ ఒకటి రెండు మెగాహెర్ట్జ్‌కు మించి ఊగనివ్వకండి, శిఖరం మొద్దుబారుతుంది. ఫోటోడయోడ్ సిగ్నల్‌ను లాక్-ఇన్ యాంప్లిఫయర్‌కు (మనం కలిపిన అలతో పాటు ఊగే భాగాన్నే ఏరి తీసే పరికరానికి) ఇస్తే కొనకు ఒక పక్క ప్లస్, రెండో పక్క మైనస్, కొన మీద సున్నా వస్తుంది. ఇదే ఎర్రర్ సిగ్నల్.

రుబీడియం-87లో ఎఫ్=2 అనే కింది శక్తి స్థాయి నుంచి మొదలయ్యే శిఖరాల గుంపు తీసుకోండి. అందులో అన్నిటికన్నా పొడవైనది అసలు గీత కాదు, రెండు గీతల నడిమధ్య పుట్టే క్రాస్‌ఓవర్. కొత్తవాళ్లకు అదే సులువు. ఆ రెండిట్లో పై గీతకు అది 133 మెగాహెర్ట్జ్ కింద ఉందని నోట్‌బుక్‌లో రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

పీజో (వోల్టేజీ ఇస్తే గ్రేటింగ్‌ను కొద్దిగా జరిపే ముక్క) స్కాన్‌ను మెల్లగా తగ్గిస్తూ ఆ శిఖరం దగ్గర ఆపి, ఫీడ్‌బ్యాక్ కలపండి, అంటే ఎర్రర్ సిగ్నల్‌ను పీజోకు తిప్పి పంపండి. లేజర్ శిఖరం నుంచి పారిపోతోందా? టెన్షన్ వద్దు, లాక్-ఇన్ ఫేజ్‌ను 180 డిగ్రీలు తిప్పండి. నేనైతే మొదటిసారి రెండు గంటలు అద్దాలు సర్దుతూ కూర్చున్నాను! నిలబడ్డాక గెయిన్ (ఫీడ్‌బ్యాక్ బలం) పెంచండి. సిగ్నల్ వణకడం మొదలవగానే సగానికి దించి, అప్పుడు ఇంటిగ్రేటర్ (మిగిలిన చిన్న తేడాను కూడబెట్టి సరిదిద్దేది) వేయండి.

లాక్ నిజంగా పడిందా? లేజర్ పెట్టె మీద అరచేయి పెట్టండి, కిరణానికి దూరంగా. ఫోటోడయోడ్ సిగ్నల్ కదలకుండా, పీజో వోల్టేజీ మాత్రం మెల్లగా జరుగుతుంటే పడినట్టే.