లోడ్ ఎక్కించే ముందు ఒక్క ఫోన్ కాల్

సరుకు దొంగతనం అంటే దారి కాచి లారీ ఆపడమే అనుకుంటాం. ఇప్పుడు దొంగే దర్జాగా గోడౌన్‌కి వచ్చి, మన చేతే లోడ్ చేయించుకుని, సంతకం పెట్టి మరీ వెళ్తున్నాడు. పేరున్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ లెటర్‌హెడ్, ఇన్సూరెన్స్ కాగితాలు, అన్నీ పక్కాగా ఉంటాయి. ఈమెయిల్ ఐడీలో మాత్రం ఒక్క అక్షరం తేడా.

అందుకే కొత్త ట్రాన్స్‌పోర్టర్‌కి లోడ్ ఇచ్చే ముందు, వాళ్లు పంపిన ఈమెయిల్‌లోని నంబర్‌కి ఫోన్ చేయకండి. అది ఎత్తేది వాళ్లే కదా! ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఉన్న నంబర్ వెతికి దానికి చేయండి. ఈ లోడ్ మీరే తీసుకున్నారా, ఏ బండి వస్తోంది, డ్రైవర్ ఎవరు అని అడిగి రాసుకోండి. అసలు కంపెనీకి ఆ సంగతే తెలియదంటే గుట్టు అక్కడే బయటపడుతుంది.

బండి వచ్చాక నంబర్ ప్లేటు, డ్రైవర్ లైసెన్సు ఆ వివరాలతో సరిపోల్చి ఫొటోలు తీసుకోండి. "ఆ బండి పాడైంది, నన్ను పంపారు" అనడం నిజమే కావచ్చు. అయినా మళ్లీ అదే నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కునేదాకా లోడింగ్ మొదలుపెట్టొద్దు, డ్రైవర్ ఎంత తొందరపెట్టినా సరే.

మార్కెట్ రేటు కంటే మరీ తక్కువకు ఒప్పుకున్నా అనుమానించాల్సిందే. సెలవుల ముందు సాయంత్రం వచ్చే బండి విషయంలో ఇంకాస్త జాగ్రత్త: ఆఫీసులు తెరిచి, సరుకు చేరలేదని ఎవరో గమనించేలోపు దొంగకి కావలసినంత టైమ్ దొరుకుతుంది.